రెప్ప వేయని రాజుగారి కాటుక

ఒకానొక రాజ్యంలో, అంటే గోరువంకపురంలో, ఉద్దండవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడేనండీ, కాదనను. దొంగల్ని పట్టించేవాడు, చెరువులకు గట్లు వేయించేవాడు. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు. పొగడ్త చెవిన పడితే చాలు, అందులో ఎన్ని నీళ్ళు కలిపారో చూసుకోకుండా గటగటా తాగేసేవాడు.

ఆయన కొలువులో విరూపాక్ష సోమయాజి అని ఒక పండితుడు. పద్యం ఎత్తుకున్నాడంటే ఆపడం బ్రహ్మతరం కూడా కాదు. ఒక దసరా కొలువులో ఆయన లేచి, "దేవతలకు రెప్పపాటు లేదు, మా ప్రభువుకూ లేదు! ప్రజలను కనిపెట్టుకుని ఉండే ఆ కళ్ళు మూతపడవు గాక పడవు!" అనే అర్థం వచ్చేలా ఓ సీసపద్యం చదివాడు.

సీసం అన్నాక నాలుగు అబద్ధాలు పడతాయి, తప్పేముంది? విన్నవాళ్ళు "ఆహా" అని, తాంబూలం పుచ్చుకుని, ఇంటికి పోతారు. మన రాజు మాత్రం ఆ పద్యాన్ని కూడా ఇంటికి పట్టుకుపోయాడు.

మర్నాడు అద్దం ముందు కూర్చుని చాలాసేపు చూసుకున్నాడు. చూసినంతసేపూ కళ్ళు తెరిచే ఉన్నాయి! ఉండవూ మరి? రెండు కళ్ళూ మూసుకుని తన మొహం తాను చూసుకున్నవాడు ఈ భూమ్మీద ఎవడున్నాడు చెప్పండి! ఆ ముక్క అనడానికి అక్కడ ఒక్కడికీ నోరు పెగల్లేదు. "సోమయాజిగారు చెప్పింది అక్షరసత్యం. మాకు రెప్పపాటు లేదు," అని రాజు కొలువులో చాటించాడు. ఆనాటి నుంచి గోరువంకపురంలో రాజుగారు రెప్ప వేశారనడం రాజద్రోహం.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది.

ఆ వంశంలో రాజు కంటికి కాటుక లేకుండా కొలువుకు రాకూడదని ఆచారం. కాటుక పెట్టేది నాంచారమ్మ అనే పెద్దావిడ. రాజు పొత్తిళ్ళలో ఉన్నప్పుడు బుగ్గన దిష్టిచుక్క పెట్టిందీ ఆవిడే. ఆముదం దీపం మీద మసి పట్టి, వెన్నతో నూరి, వెండి పుల్లతో కంటి అంచున గీత దిద్దితే ఎంతో ముచ్చటగా ఉండేది. ఇన్నాళ్ళూ "కాస్త కిందికి చూడు నాయనా, ఒక్కసారి కళ్ళు మూయి, ఆఁ, అయిపోయింది," అని లాలిస్తూ పని కానిచ్చేది. ఇప్పుడు ఆ మాట అనకూడదాయె!

రాజేమో గడ్డం పైకెత్తి, గుడ్లు మిటకరించి కూర్చుంటాడు. పుల్ల దగ్గరికి రాగానే రెప్ప టక్కున పడుతుంది. కాటుక చెంపకు పాకుతుంది. "చెయ్యి వణికిస్తున్నావు నాంచారీ!" అని రాజు కసురుతాడు. ఆవిడ కిక్కురుమనకుండా తుడిచి మళ్ళీ మొదలుపెడుతుంది.

ఇలా ఉండగా ఓ రోజు పొరుగు రాజ్యం నుంచి రాయబారి వచ్చాడు. రాజుకు తొందర. పాకిన కాటుక తుడిచే వ్యవధి కూడా ఇవ్వకుండా విసవిసా వెళ్ళి సింహాసనం ఎక్కాడు. రాయబారి ఆయన మొహం చూసి, చేతులు జోడించి, "మహారాజా, తమ ఇంట ఏదైనా అశుభం జరిగిందా? నేను సమయం కాని సమయంలో వచ్చినట్టున్నాను," అన్నాడు పాపం, మర్యాదకే.

రాజు అద్దం తెప్పించి చూసుకుంటే రెండు చెంపల మీదా నల్లటి చారలు. ఆయనకు తల కొట్టేసినట్టయింది. రాయబారి అలా వెళ్ళాడో లేదో, "నాంచారీ! ఏమిటిది?" అని ఉరిమాడు.

ఎంత ముసలిదైనా ఓపికకు ఒక హద్దుంటుంది కదండీ! "నన్నేం చేయమంటావు నాయనా? నువ్వు రెప్ప వేశావు," అనేసింది నాంచారమ్మ.

కొలువు కొలువంతా చెవులు మూసుకుంది. సోమయాజి "శివ శివా! రాజద్రోహం!" అని జంధ్యం పట్టుకున్నాడు. రాజు మొహం కందగడ్డ అయింది. "ఈమెను పొలిమేర దాటించండి!" అన్నాడు.

నాంచారమ్మ కుప్పకూలిపోయింది. "దొరా, మా కూతురు పాపాయికి నెలలు నిండాయి. అత్త లేదు, ఆడబిడ్డ లేదు. పురిటికి నేను తప్ప దాన్ని చూసే దిక్కు లేదు. ఈ ఒక్క గండం గట్టెక్కనివ్వండి, ఆ తర్వాత తమరు ఎటు పొమ్మంటే అటు పోతాను," అని ఏడ్చింది.

అప్పుడు లేచాడు కొండుభట్టు. కొలువులో రాజును నవ్వించడం ఆయన పని. బొజ్జ పెద్దది, గొంతు చిన్నది, బుర్ర మాత్రం పాదరసం.

"మహాప్రభూ, కోపం న్యాయమైనదే," అన్నాడు. "కానీ ఈమెను పంపేస్తే రేపు కాటుక పెట్టేదెవరు? ఆచారం ఆగిపోదూ? పున్నమి దాకా గడువివ్వండి. ఈలోగా ఎవరైనా సులువైన ఉపాయం కనిపెట్టి, ఈమె చేత్తోనే చెదరకుండా కాటుక పెట్టిస్తే ఈమెను క్షమించండి. లేదా, తమ మాటే శాసనం."

రాజు కాస్త చల్లబడ్డాడు. "సరే. ఉపాయం కనిపెట్టినవాడికి మా మెడలో ముత్యాలహారం. పున్నమి దాటితే మాత్రం ఈమె ఊళ్ళో ఉండడానికి వీల్లేదు."

హారం అనగానే సోమయాజికి శాస్త్రాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

మొదట ఆయన కాటుక పుల్లను దారంతో దూలానికి వేలాడదీయించాడు. "పుల్ల కదలదు ప్రభూ, తమరే కంటిని పుల్ల దగ్గరికి తేవాలి," అన్నాడు. రాజు తెచ్చాడు. పుల్ల ఊగి ముక్కులో దూరింది.

తర్వాత మసిని పొడిగా చేసి, వెదురు గొట్టంలో పోసి, "ఊదితే చాలు, దానంతటదే అంటుకుంటుంది," అని ఊదాడు. అంటుకుంది, ఎందుకంటుకోదు! మొహమంతా అంటుకుంది. రాణిగారు గదిలోకి వచ్చి, ఎవరో బొగ్గులవాడు లోపలికి వచ్చాడనుకుని కేక పెట్టింది.

మూడోది ఇంకా గొప్పది. కాటుకను కంటికి కాక అద్దానికే పెట్టించాడు. రాజు ఎదురుగా కూర్చుని సరిగ్గా సర్దుకుంటే, అద్దంలో బొమ్మకు కాటుక దిద్దినట్టే కనబడింది. "భేష్! ఒక్క రవ్వ చెదరలేదు!" అని రాజు మురిసిపోయి, ఠీవిగా లేచి, వట్టి కళ్ళతో కొలువుకు వచ్చాడు. కాటుక పెట్టుకున్న అద్దం అంతఃపురంలోనే ఉండిపోయింది.

పున్నమి దగ్గర పడుతోంది. నాంచారమ్మ మూట కట్టుకుంది. పాపాయి తల్లి చెయ్యి వదలడం లేదు. కొండుభట్టుకు అన్నం సయించడం లేదు, ఆ బొజ్జకు అంతకన్నా పెద్ద కష్టం ఏముంటుంది? గడువు అడిగింది తానే, ఉపాయం మాత్రం తట్టి చావదు.

ఒకనాటి సాయంత్రం ఆయన భార్య పేరంటానికి బయల్దేరుతోంది. వీధిలోంచి అమ్మలక్కలు పిలుస్తున్నారు, పొయ్యి మీద చారు పొంగుతోంది. ఆవిడ ఒంటిచేత్తో గరిటె తిప్పుతూ, రెండో చేత్తో పై రెప్పల అంచున మాత్రం గబగబా కాటుక రాసుకుని, రెండుసార్లు కళ్ళు ఆర్పింది. కింది రెప్పలకు కూడా సన్నటి గీత పడింది! అంతే, ఆవిడ చెంగు దోపుకుని వెళ్ళిపోయింది.

కొండుభట్టు పీట మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే, "ఓసి నీ తెలివి తగలెయ్యా!" అని గట్టిగా అరిచి, చారు పొయ్యిలోకి పొంగిపోతున్నా పట్టించుకోకుండా నాంచారమ్మ ఇంటికి పరుగెత్తాడు.

"నాంచారక్కా, మూట విప్పు," అన్నాడు రొప్పుతూ. "రేపు కాటుకలో వెన్న కాస్త ఎక్కువ వెయ్యి. నేను రాజుగారి కాళ్ళ మీద పడగానే ఆయన చూపు కిందికి దిగుతుంది. అప్పుడు పక్కనుంచి పై రెప్ప అంచున గీత గీసెయ్యి. కింది రెప్ప జోలికి పోకు."

"సగం కాటుకతో రాజు ఊరుకుంటాడా భట్టుగారూ?"

"మిగతా సగం పెట్టేవాడు వేరే ఉన్నాడులే. పిలవకపోయినా వస్తాడు."

మర్నాడు నిండు కొలువులో కొండుభట్టు రాజుకు దణ్ణం పెట్టి, "ప్రభూ, ఉపాయం దొరికింది. అయితే చిన్న మనవి. నాంచారమ్మ పై రెప్పకే కాటుక పెడుతుంది. పుల్ల కింది రెప్పను తాకకుండా సోమయాజిగారు దగ్గరుండి చూడాలి. అంతటి పండితుడి సాక్ష్యానికి తిరుగుండదు కదా!" అన్నాడు.

సోమయాజి ఉబ్బిపోయి, కళ్ళు చికిలించుకుని, సింహాసనం పక్కన నిలబడ్డాడు. రాజు ఎప్పటిలా గడ్డం పైకెత్తి, గుడ్లు మిటకరించాడు. పుల్ల ఇంకా భరిణెలోనే ఉంది.

కొండుభట్టు దబ్బున సాష్టాంగ పడ్డాడు. "జయ జయ మహారాజా! శత్రుభయంకరా! చెరువుగట్ల చక్రవర్తీ!" అని మొదలుపెట్టాడు. ఆ బొజ్జ మీద మనిషి అటూ ఇటూ ఊగుతుంటే చూడముచ్చటగా ఉంది. తన కాళ్ళ దగ్గర పొగడ్త వినబడితే రాజు చూడకుండా ఉంటాడా? చూపు మెల్లగా కిందికి దిగింది. దానితోపాటు పై రెప్పలూ దిగాయి. పక్కనుంచి నాంచారమ్మ చెయ్యి ఇటు ఒక గీత, అటు ఒక గీత, చటుక్కున దిద్దేసింది. పుల్ల వచ్చిందీ పోయిందీ రాజుకు తెలియనే లేదు.

కొండుభట్టు ఇద్దరి సాయంతో లేచి, ధూళి దులుపుకుని, "ఇక అద్దం తెప్పించండి ప్రభూ," అన్నాడు.

రాజు చూసుకున్నాడు. పైన గీత, కింద గీత, రెండూ తీర్చినట్టున్నాయి. చెంపల మీద మరక లేదు. "భేష్ భట్టూ! భేష్ నాంచారీ!" అని పొంగిపోయాడు. అంతలో ఆగి, "కింది రెప్పకు పెట్టదన్నావే? మరి పెట్టిందే!" అన్నాడు.

"సాక్షిని అడగండి ప్రభూ," అన్నాడు భట్టు.

సోమయాజి గొంతు సవరించుకుని, "పుల్ల కింది రెప్పను తాకలేదు. నేను కళ్ళారా చూశాను. వేదం మీద ప్రమాణం చేసి చెబుతాను," అన్నాడు.

"మరి ఎవరు పెట్టారు?" అన్నాడు రాజు.

కొండుభట్టు చేతులు కట్టుకున్నాడు. "రెండే దారులు ప్రభూ. తమ పై రెప్పే కిందికి దిగి, తన కాటుకలో కాస్త కింది రెప్పకు పంచి, మళ్ళీ తన చోటికి పోయిందనుకోవాలి. అలా అనకూడదంటారా, తమరు కళ్ళు విప్పార్చుకుని చూస్తుండగానే ఎవడో పరాయివాడు సింహాసనం దాకా వచ్చి, తమ కంటికి కాటుక దిద్ది, చక్కా పోయాడు. తమరికి కనబడలేదు. ఏది చాటించమంటారు? ప్రభువు కళ్ళు అందరి కళ్ళలాగే రెప్ప వేస్తాయనా? రెప్ప వేయవు గానీ, ఎదురుగా వచ్చినవాడు కూడా ఆనడనా?"

నాంచారమ్మ భరిణె గుండెకు హత్తుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది. సోమయాజి తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయాడు.

రాజు అద్దం మళ్ళీ ఎత్తాడు. ఏమనుకున్నాడో ఏమో, కుడికన్ను మెల్లగా మూసి, ఎడమకంటితో చూశాడు. అద్దంలో నల్లటి గీతతో చిన్న రెప్ప వాలి ఉంది. తెరిచాడు. మళ్ళీ మూశాడు. ఈసారి ఎడమది మూశాడు. చూసేవాళ్ళకు రాజుగారు అద్దానికి కన్ను కొడుతున్నట్టుంది.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! నాకూ రెప్పలున్నాయోయ్!" అని ఒక్కసారిగా పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి సింహాసనం మీద వాలిపోయాడు. "సోమయాజీ, నీ పద్యం పుణ్యమా అని నాకు కంటి మీద కునుకు లేదయ్యా! నిద్రలో మూస్తే ఎవరు చూస్తారోనని తలుపు గడియ పెట్టుకుని పడుకుంటున్నాను!"

కొలువంతా నవ్వింది. నవ్వనిది నాంచారమ్మ ఒక్కతే. "కంటికి రెప్పలా కాచుకునేవాణ్ణి కదా నాయనా, జనం రాజనేది," అంది చెంగుతో కళ్ళు ఒత్తుకుంటూ. "రెప్పే లేదనుకుంటే ఇక మమ్మల్ని కాచుకునేదెవరు?"

రాజు నవ్వు ఆగింది. సింహాసనం దిగి వచ్చి ఆవిడ చేతులు పట్టుకున్నాడు. "తప్పు నాది నాంచారీ. నీ చెయ్యి ఎప్పుడూ వణకలేదు," అన్నాడు. ముత్యాలహారం తీసి కొండుభట్టు మెడలో వేశాడు. "ఇంకేమన్నా కావాలంటే కోరుకో."

"ఒకటి కావాలి ప్రభూ," అన్నాడు భట్టు నడుము పట్టుకుని. "తమ చూపు కిందికి దిగడానికి రోజూ నేనే పడాలంటే ఈ నడుము ఉండదు. వాకిట్లో ఫిర్యాదులు చెప్పుకుందామని జనం పడిగాపులు కాస్తుంటారు. కాటుక వేళ వాళ్ళను పిలవండి. ఎలాగూ వాళ్ళు నేల మీదే కూర్చుంటారు. వాళ్ళ మొహాలు చూస్తూ వింటూ ఉంటే తమ కాటుకా కుదురుతుంది, వాళ్ళ పనీ అవుతుంది."

"అలాగే కానీ!" అన్నాడు రాజు.

మర్నాడు పొద్దున్నే జనం లోపలికి వచ్చారు. అందరికన్నా ముందు వచ్చి నేల మీద చతికిలబడింది నాంచారమ్మ.

"అదేమిటి? నువ్వక్కడ కూర్చుంటే కాటుక ఎవరు పెడతారు?" అన్నాడు రాజు.

"ముందు నా ఫిర్యాదు విను నాయనా. తెల్లవారుజాము నుంచి పాపాయికి నొప్పులు వస్తున్నాయి. నీ కాటుక కోసం దాన్ని వదిలిపెట్టి వచ్చాను."

రాజు కిందికి వంగి ఆవిడ చేతిలోంచి భరిణె లాక్కున్నాడు. అద్దం కూడా అడక్కుండా, తన చేత్తో తానే పై రెప్పల అంచున పుల్ల తిప్పుకుని, అందరి ఎదుటా టపటపా రెండుసార్లు రెప్పలు వేశాడు. గీత కాస్త వంకరగానే వచ్చింది.

"చూశావా? అయిపోయింది! ఇంత సులువు పనికా నిన్ను పొలిమేర దాటించబోయాను!" అని పకపకా నవ్వి, తన సొంత పల్లకీలో ఆవిణ్ణి కూతురి దగ్గరికి పంపించాడు.