రిజిస్టరులో లేని ఆడవాళ్లు

చిలకలేరు అనే చిన్న పట్నంలో వకుళ అనే రచయిత్రి ఉండేది. కథలు బాగా రాసేది కానీ, తనదైన దేన్నీ తనదని చెప్పుకోలేకపోవడం ఆమె జబ్బు.

ఎవరైనా "కథ బాగుందండీ" అంటే "నాదేముందిలెండి" అనేది. కూర బాగుందన్నా అదే మాట. కథల కింద కూడా 'శ్రీమతి సుధాకరం' అని వేయించుకునేది. సుధాకరం ఆమె భర్త. ఎరువుల కొట్టు నడిపేవాడు. బస్తాల మీద అక్షరాలు తప్ప మరేవీ చదివిన పాపాన పోలేదు.

వకుళ ఇంట్లో రాసుకుందామని కూర్చుంటే పదో నిమిషానికి ఎవరో ఒకరు పిలిచేవారు. చెప్పులు, చీపురు, జీలకర్ర డబ్బా, ఆ ఇంట్లో ఏది కనపడకపోయినా ఆమే వెతకాలి. అందుకే మధ్యాహ్నం అంట్లు తోమి, రెండింటికి శాఖా గ్రంథాలయానికి వెళ్లేది. అక్కడ వెనక వైపు మహిళల గది ఉండేది. ఒక పొడుగు బల్ల, రెండు బెంచీలు, గాలి కన్నా చప్పుడు ఎక్కువ చేసే ఫ్యాను. అంతే. కానీ ఆ గదిలో ఎవరూ ఆమెను ఏదీ వెతికిపెట్టమని అడిగేవారు కాదు. ఇరవై ఏళ్లుగా ఆమె రాసిన కథలన్నీ ఆ బల్ల మీద రాసినవే.

గుమ్మం దగ్గర సంతకాల రిజిస్టరు ఉండేది. వచ్చినవాళ్లంతా అందులో పేరు రాసి సంతకం పెట్టాలి. మొదటి రోజు లైబ్రేరియన్ ఏసుపాదం గారు "ఏ పేరు రాస్తారమ్మా?" అని అడిగారు.

"కార్డు ఆయన పేరు మీద ఉంది. ఆయన పేరే రాస్తాను. నాదేముందిలెండి" అంది వకుళ.

ఆ రోజు నుంచి పురుషుల కాలమ్‌లో 'ఎం. సుధాకరం' అని రాస్తూనే ఉంది. ఆమెను చూసి మిగతా ఆడవాళ్లూ అలాగే మొదలుపెట్టారు. జాకెట్లు కుట్టే రమీజా నలభయ్యేళ్ల వయసులో పదో తరగతి పరీక్షకు ఫీజు కట్టి, ఆ గదిలోనే చదువుకునేది. ఆమె కొడుకు పేరు రాసేది. "అంత చదువుకున్న వకుళక్కే మొగుడి పేరు రాస్తుంటే, నా పేరు రాసుకుని నేనేం వెలగబెట్టాలి?" అని నవ్వేది.

ఒక ఏడాది పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆడవాళ్లు రాని చోట మహిళల గదులు మూసేసి, పాత పత్రికలు దాచడానికి వాడాలని అందులో ఉంది. ఏసుపాదం గారు దాన్ని పట్టుకుని గదిలోకి వచ్చారు.

"మూడేళ్ల లెక్క అడిగారమ్మా. స్త్రీల కాలమ్‌లో మొత్తం పదకొండు సంతకాలున్నాయి. అందులో నాలుగు మా ఆవిడవి" అన్నారు.

"మీరు రోజూ చూస్తున్నారుగా! మేం వస్తున్నామని రాయొచ్చుగా?" అంది వకుళ.

"కళ్లతో చూసింది రాయడానికి ఇందులో కాలమ్ లేదమ్మా. నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు పై ఆఫీసు అధికారి గారే వస్తున్నారు. మగవాళ్ల కాలమ్‌లో ఉన్న ఆ సంతకాలు మీవని సభలో లేచి ఒక్క మాట చెప్పండి. గది నిలబడుతుంది."

"తప్పకుండా చెప్తాను" అంది వకుళ. రమీజాకు కూడా మాట ఇచ్చింది.

వారోత్సవాల సభ జరిగింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని సుధాకరం కూడా వచ్చి ముందు వరుసలో కూర్చున్నాడు. ఎందుకొచ్చాడో వకుళకు అర్థం కాలేదు. కాసేపటికి అధికారి మైకు అందుకున్నాడు.

"ఇరవై ఏళ్లుగా ఒక పాఠకుడు రోజూ ఈ గ్రంథాలయానికి వస్తున్నాడు. రిజిస్టరు చూసి ఆశ్చర్యపోయాను. చేతిరాత ముత్యాలే! ఈ ఏటి ఉత్తమ పాఠకుడు శ్రీ ఎం. సుధాకరం గారు!"

చప్పట్లు మోగాయి. వెనకాల నిలబడిన ఏసుపాదం గారు తల దించుకున్నారు. సుధాకరం వేదిక ఎక్కి శాలువా కప్పించుకున్నాడు.

"చిన్నప్పటి నుంచీ పుస్తకాలంటే నాకు పిచ్చండి. కొట్లో ఎంత పని ఉన్నా, రెండయ్యేసరికి కాళ్లు ఇటే లాగుతాయి" అన్నాడు. ఆ ఇంట్లో కల్పన ఎవరికి బాగా వచ్చో ఆ రోజు వకుళకు తెలిసింది.

"ఇక మహిళల గది సంగతి" అన్నాడు అధికారి. "ఆడవాళ్లెవరూ రావడం లేదని రిజిస్టరు చెబుతోంది. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి."

రమీజా మోచేత్తో పొడిచింది. "అక్కా, లే. ఆ చేతిరాత నాదని చెప్పు."

"ఆయన శాలువా కప్పుకుని నిలబడ్డాడే..."

"శాలువా చలికి పనికొస్తుందిలే. మన గది పోతోంది."

"ఇంటికెళ్లాక పడేది నేనే కదా."

రమీజా తనే లేచింది. "సార్, మేం రోజూ వస్తాం. నేను పదో తరగతికి అక్కడే చదువుకుంటున్నా."

"మీ పేరేంటమ్మా?"

"షేక్ రమీజా."

అధికారి పేజీలు తిప్పాడు. "ఈ పేరు ఎక్కడా లేదే!"

"మా అబ్బాయి పేరు రాస్తా సార్. వకుళక్కను అడగండి. ఆమె కూడా..."

సభలో నవ్వులు లేచాయి. అందరి తలలూ వకుళ వైపు తిరిగాయి. వేదిక మీద నుంచి సుధాకరం ఒక్క చూపు చూశాడు. ఆ చూపు ఆమెకు పెళ్లైన కొత్తలోనే అర్థమైంది.

"ఏమ్మా, మీరూ రోజూ వస్తారా?" అని అడిగాడు అధికారి.

"అప్పుడప్పుడూ... పుస్తకం మార్చుకోవడానికి" అంది వకుళ.

రమీజా కూర్చుంది. మళ్లీ ఆమె వైపు చూడలేదు.

వారం తిరక్కుండా గదిలో పాత పత్రికల కట్టలు పేర్చి తాళం వేశారు. వకుళ ఆ గదిలో రాస్తున్న నవల ఏడో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. వంటింటి గట్టు మీద కాగితం పెట్టుకుంటే, నాలుగు వాక్యాలకు పాలు పొంగేవి. రమీజా కుట్టుమిషనుకీ పొయ్యికీ మధ్య చదివి పరీక్ష రాసింది. లెక్కల్లో తప్పింది.

ఆ మాట విని వకుళ ఆమె ఇంటికి వెళ్లింది. గుమ్మంలోనే నిలబడింది.

"తప్పు నాదే రమీజా" అంది.

రమీజా పంటితో దారం తెంపి, "పోనీలే అక్కా, ఇదొక్కటైనా నీదని ఒప్పుకున్నావు" అంది. కూర్చోమని మాత్రం అనలేదు.

మర్నాడు వకుళ గ్రంథాలయానికి వెళ్లి స్త్రీల కాలమ్‌లో తన పేరు రాసింది. గది లేదు కాబట్టి వరండా మెట్ల మీద కూర్చుంది. ఇంట్లో వారం రోజులు గొడవైంది. ఆ తర్వాత సుధాకరం అరిచి అరిచి అలిసిపోయాడు. నెల తర్వాత రమీజా వచ్చింది, ఆమె వెనక ఇంకో ముగ్గురు. అందరూ సొంత పేర్లే రాస్తున్నారు. ఏసుపాదం గారు ఆ లెక్కతో ఇప్పటికి మూడు సార్లు పై ఆఫీసుకు రాశారు. "పరిశీలిస్తున్నాం" అని మూడు సార్లూ జవాబు వచ్చింది. వాన పడితే ఆడవాళ్లు పుస్తకాలు కొంగుల్లో దాచుకుని గోడకు ఒదుగుతున్నారు.

ఇందులో తెలుసుకోవలసింది ఒకటే: మనది మనదని చెప్పడం గొప్పలు పోవడం కాదు, చెప్పకుండా ఊరుకుంటే పోయేది మన చోటు ఒక్కటే కాదు, మనల్ని నమ్మి పక్కన కూర్చున్నవాళ్ల చోటు కూడా.