కాజాలు కోయని గౌను

"ఇంకా ఏదో తక్కువైందండీ. అదేమిటో, ఎక్కడ దొరుకుతుందో మీరైనా చెప్పండి" అని సుభాషిణి తన గురువు నర్సమ్మ గారిని ఆ వారంలో నాలుగోసారి అడిగింది. పాత బొంతల మీద దొరికిన వస్తువులు కుట్టి, గోడకు వేలాడదీసే కళను నర్సమ్మ గారు నేర్పుతారు. ఇలాంటి ప్రశ్నలకు ఆవిడ జవాబు చెప్పరు. వింటారు, తన పని తాను చేసుకుంటారు.

సుభాషిణి కుదురుగా కూర్చునే మనిషి కాదు. విజయనగరంలో పాత ఇనుము కొట్లన్నీ తిరిగింది. తుప్పు పట్టిన తాళంచెవులు, పళ్ళు విరిగిన దువ్వెన, సైకిలు గంట, విడి బొత్తాలు, ఇంకా ఏవేవో ఏరుకొచ్చింది. పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె దగ్గర ఒక బొంత కొని, దాని మీద అవన్నీ కుట్టింది. పొద్దున కుట్టినవి సాయంత్రానికి విప్పేది. మూడు నెలలు ఇదే వరస. విశాఖలో జరిగే ప్రదర్శనలో తొలిసారి ఆమెకంటూ ఒక గోడ ఇచ్చారు. బొంతను తీసుకెళ్ళే వ్యాను అప్పటికే వచ్చి నర్సమ్మ గారి వాకిట్లో ఉంది.

నర్సమ్మ గారు లేచి బొంత రెండు కొసలు పట్టుకున్నారు.

"అటు పట్టు. దులుపుదాం."

"దులపడమేమిటండీ! ఇది పడుకునేది కాదు, గోడకు పెట్టేది."

"గోడకైతే దుమ్ము పట్టదేటి?"

సుభాషిణి కళ్ళు మూసుకుని పట్టుకుంది. మొదటి విదిలింపుకు తాళంచెవులు, ఇంకా చాలా రాలాయి. రెండోదానికి సైకిలు గంట పాత గుడ్డను చీల్చుకుని ఊడిపడి, ఒకసారి మోగి, మంచం కిందికి దొర్లింది. వెనకవైపు శుభ్రంగా కనబడాలని సుభాషిణి అన్నిటినీ పై పొరకే కుట్టింది. నిద్రపోవడానికి బొంత కుట్టుకునే ఏ ఆడదీ అలా కుట్టదు.

"చూశారా, పాడైపోయింది! మీరే పాడు చేశారు" అని అరిచింది.

చిరుగులోంచి పసుపు రంగు కనబడింది. సుభాషిణి వేళ్ళు పెట్టి లాగింది. పొరల మధ్య చదునుగా పరిచిన చంటిపిల్ల గౌను. బొంత లోపల ఎవరైనా పనికిరాని గుడ్డలే వేస్తారు. ఇది ఎక్కడా చిరగలేదు, రంగు వెలిసిపోలేదు. వీపు వైపు మూడు బొత్తాలు, వాటికెదురుగా మూడు కాజాలు చక్కగా కుట్టి ఉన్నాయి. బొత్తాం దూరేలా కాజాలను మాత్రం ఇంకా కోయలేదు. ఆ గౌను ఎవరికీ తొడగలేదు.

సుభాషిణి ముఖం వెలిగిపోయింది. "ఇదేనండీ! ఇన్నాళ్ళూ నేను వెతికింది ఇదే. సరిగ్గా నడిమధ్యన కుడతాను. చూసినవాళ్ళు కదలలేరు."

బయట వ్యాను హారను మోగింది. "మేడమ్, ఎక్కిస్తారా, పొమ్మంటారా?" అని డ్రైవరు కేకేశాడు.

"పది నిమిషాలు!" అంటూ ఆమె సూది తీసింది.

నర్సమ్మ గారు గౌనును ముట్టుకోలేదు. "ఈ బొంత కుట్టినావిడ దగ్గరా సూదుంది, దారముంది. పైన కుట్టడం రాకనా లోపలెట్టింది?"

"ఎవరావిడ?"

"నాకేటి తెలుసు."

సుభాషిణి సూది పట్టుకుని అలాగే నిలబడిపోయింది. హారను మళ్ళీ మోగింది. ఆమె కింద కూర్చుంది. గౌనును పొరల మధ్య మునుపున్న చోటే ముడత లేకుండా పరిచి, చిరుగు మూసి కుట్టేసింది. రాలినవాటిని ఏరలేదు. పని అయ్యాక బొంత వంక చూస్తే దువ్వెన ముక్క, నాలుగైదు బొత్తాలు తప్ప ఏమీ లేవు. మూడు నెలల తిరుగుడంతా గచ్చు మీద పడి ఉంది.

"ఇప్పుడు నా గోడ దగ్గర ఎవరైనా ఆగుతారా?" అంది. గొంతులో కోపం తగ్గలేదు. "లోపల అది ఉందని ఎవరికి తెలుస్తుందండీ?"

"నీకు తెలిసింది కదా" అన్నారు నర్సమ్మ గారు. "ఎత్తు. ఇనుమంతా రాలిపోయినా ఏపాటి బరువుందో సూడు."