తలుపు లేని గుహ

అనగనగా, కొండలకు ఇంకా ఎవరూ పేర్లు పెట్టని రోజుల్లో, ఇప్పవనమనే అడవి ఉండేది. దాన్ని గంభీరకేసరి అనే సింహం ఏలేది. ఏడాదిగా ఆ రాజు గర్జించలేదు. అది రాజుగారి గాంభీర్యమని అందరూ అనుకున్నారు. అనుకోవడానికి ఖర్చేముంది!

ఆ అడవికి ఒక ఉమ్మడి గాదె ఉండేది. సారపప్పు, వెదురు బియ్యం, ఎండబెట్టిన దుంపలు, తేనెపట్లు ఎవరి శక్తికొద్దీ వాళ్లు తెచ్చి అందులో వేసేవారు. అడవి పని చేసేవాళ్లకు అందులోంచే కూడు పెట్టేవారు. తోడేళ్లు దుంపలు తింటాయా అని అడగకండి పిల్లలూ. ఈ కథలో తింటాయి.

ఆ గాదెలోకి ఎక్కువ తేనె తెచ్చేది రోమశుడనే ఎలుగుబంటి. అతని భార్య నల్లమ్మ. వాళ్లకు ఇద్దరు పిల్లలు. ఎప్పుడు చూసినా తల్లి వీపు మీదే ఉండేవారు.

అడవి మధ్యలో ఒక రాతి దొన్నె ఉండేది. ఎండాకాలంలో ఇప్పపూలు రాలి అందులో నిండేవి. ఊటనీళ్లలో నాని పులిసేవి. రోమశుడు ఆ నీళ్లు మొదట పండగపూట తాగాడు. తర్వాత కాలు నొప్పి పుడితే తాగాడు. ఆ తర్వాత ఏ కారణమూ అక్కర్లేకపోయింది. తేనె మానేశాడు, ఇల్లు మరిచాడు. పిల్లలు ఎదురొస్తే గుర్తుపట్టడానికి తడుముకునేవాడు.

రాజుగారి మంత్రి దీర్ఘకంఠుడు. కొంగ. ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంటే మహర్షి దిగివచ్చాడనుకోవాలి. కొంగజపం సంగతి మీకు తెలియనిది కాదు.

"ప్రభూ, దొన్నె చుట్టూ ముళ్లకంచె వేయిద్దాం" అన్నాడు మంత్రి.

కంచె వేశారు. వేసినవాళ్లందరికీ గాదెలోంచి కూడు పెట్టారు. కానీ జానెడు బొచ్చున్న ఎలుగుకు రేగుముల్లు ఏం లెక్క? కంచెలోంచి దూరిపోయాడు, సగం ముళ్లు ఒంటికి తగిలించుకుని వచ్చాడు.

"అయితే మెడలో ఎండిన రేలకాయల దండ వేయిద్దాం. గలగలలాడుతుంటే సిగ్గుతోనైనా మానుతాడు" అన్నాడు మంత్రి.

దండ గుచ్చినవాళ్లకూ గాదె తెరిచారు. రోమశుడు నడిస్తే కాయలు మోగేవి, అడవంతా నవ్వేది. ఆ నవ్వు వినలేక అతను ఇంకా తాగాడు. పుండు మీద కారం చల్లితే మానుతుందా చెప్పండి!

"అయితే కాపలా పెడదాం" అన్నాడు మంత్రి.

తోడేళ్లను కాపలా పెట్టారు. ఎండల్లో రోజంతా ఆ వాసన పక్కన నిలబడితే తోడేలుకు మాత్రం దాహం వేయదా? నాలుగు రోజులు తిరక్కుండానే కాపలావాళ్లనే ఇళ్లకు మోసుకుపోవాల్సి వచ్చింది.

ఆ వేసవిలోనే రోమశుడు తూలుతూ వెళ్లి నెమలమ్మ గూటి మీద పడ్డాడు. గుడ్లన్నీ చితికిపోయాయి. నెమలమ్మ ఏడుపు కొండ అవతలి దాకా వినిపించింది.

దర్బారు కూడింది. "ఇక చాలు. ఏరు దాటించి ఎర్రదిబ్బల్లోకి తరిమేద్దాం" అన్నాడు మంత్రి. ఎర్రదిబ్బల్లో చుక్క నీరు పుట్టదు. అక్కడికి వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. రోమశుడు తల దించుకుని నిలబడ్డాడు.

అప్పుడు నల్లమ్మ ముందుకు వచ్చింది. వీపు మీద పిల్లలిద్దరూ ఉన్నారు.

"ఏలికా, నెమలమ్మకు నా మొగుడు చేసింది నేను మాఫీ చెయ్యమనను. నాకు ఆ నోరు లేదు. కానీ ఒక్క మాట అడుగుతాను. ముళ్లకు గాదె తెరిచారు, కాయలకు తెరిచారు, కాపలాకు తెరిచారు. ఆయన జబ్బుకు ఒక్క గింజైనా తీశారా? ఆ గాదెలో ఆయన తెచ్చిన తేనె ఇంకా ఉంది కదయ్యా!"

"తాగినవాణ్ణి కూర్చోబెట్టి మేపమంటావా?" అన్నాడు మంత్రి. "గాదెలో మిగిలింది తోరణద్వారానికని దాచాం. వానలు వెళ్లాక పొరుగు అడవి రాజుగారు వస్తున్నారు. ద్వారం లేకపోతే మన పరువేం కాను?"

సభలో వెనక నుంచి ఎవరో కదిలారు. ఆవిడ ముందుకు వచ్చేదాకా సభ ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే ఆవిడ తాబేలు. పేరు నిదానమ్మ. మూలికల వైద్యం తెలిసిన ముసలావిడ.

"రాజా, ఏటి పక్కన పాత గుహ ఉంది. అది బాగు చేయించి, రోగులకూ చూసేవాళ్లకూ గంజి ఇప్పించు. ఇతన్ని నాకు వదిలెయ్యి. ఇతనొక్కడే కాదు, చెంగలిని కూడా తెచ్చుకుంటాను."

చెంగలి అంటే కొండముచ్చు. కిందటేడు కార్చిచ్చులో బిడ్డను పోగొట్టుకుంది. అప్పటి నుంచి ఎండుగడ్డి ఉండను ఒళ్లో పెట్టుకుని జోకొడుతూ కూర్చుంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. పిచ్చిదని పిల్లకోతులు రాళ్లు వేసేవి.

చెంగలి పేరు వినగానే రాజు తల తిప్పుకున్నాడు. చివరికి అన్నాడు, "తోరణం ఆగుతుంది. తొలివాన దాకా గడువు. ఆ రోజు నేనే వచ్చి చూస్తాను. గుహ వల్ల లాభం లేకపోతే మూయిస్తాను. రోమశుడు ఏరు దాటాల్సిందే."

ఏనుగులు రాళ్లు తొలగించాయి. గిజిగాళ్లు చాపలు అల్లాయి. గుహకు తలుపు పెడదామంటే నిదానమ్మ వద్దంది. "బలవంతాన లోపలుంటే బయటికి పోయే దారే వెతుకుతాడు" అంది. ముందు ఆ రేలకాయల దండ తెంపించి ఏట్లో పారేయించింది.

మొదటి రోజులు చూడలేనివి. రోమశుడు వణికాడు, కక్కాడు, ఒంటి నిండా చీమలు పాకుతున్నాయని అరిచాడు.

"చీమలు లేవు నాయనా. భయం మాత్రం ఉంది, అది నాకూ కనిపిస్తోంది. పోయేదాకా నీ పక్కనే కూర్చుంటాను" అంది నిదానమ్మ. కూర్చుంది కూడా. కూర్చోవడంలో తాబేలును మించినవాళ్లెవరు!

మెల్లగా గంజి ఇమిడింది. పొద్దున్నే ఏటిలో మునక, పగలు నీళ్లు మోసే పని, సాయంత్రం నల్లమ్మ పిల్లలను తీసుకుని వస్తే వాళ్లతో కబుర్లు. పని లేనప్పుడు రోమశుడు వెళ్లి చెంగలి పక్కన కూర్చునేవాడు. ఆ గడ్డి ఉండ గురించి అడగలేదు, నవ్వలేదు, లాక్కోలేదు. ఊరికే కూర్చునేవాడు.

అంతా చక్కబడిందనుకుంటుండగా ఒక రోజు గాలి దొన్నె వైపు నుంచి వీచింది. రోమశుడు బిందె కింద పెట్టి వెళ్లిపోయాడు.

"కుక్క తోక వంకరని పెద్దలు ఊరికే అన్నారా? ఇంకేం చూస్తారు, మూయించండి!" అని మంత్రి రాజు దగ్గరికి ఎగిరి వెళ్లాడు.

నిదానమ్మ కూడా కబురు పంపింది. "వానకు జారి పడ్డవాడి కాళ్లు నరుకుతామా రాజా?"

"తొలివాన దాకా అన్నాను. వాన ఇంకా రాలేదు" అన్నాడు రాజు.

మర్నాడు రోమశుడు తనంతట తానే తిరిగి వచ్చాడు. ఒళ్లంతా బురద. తలుపు లేని గుమ్మం దగ్గర నిలబడి, "అవ్వా, లోపలికి రావచ్చా?" అన్నాడు.

"రా. ఆలస్యం చేశావు, గంజి చల్లారిపోయింది. అదే తాగు" అంది నిదానమ్మ.

అతను గంజి తాగుతూ వెక్కివెక్కి ఏడ్చాడు. దొన్నె దగ్గరికి మళ్లీ పోలేదు.

ఆకాశం నల్లబడింది. తొలివాన వచ్చే రోజున అడవంతా గుహ ముందు చేరింది. రాజు వచ్చాడు. రోమశుడి కళ్లు చూశాడు, తేటగా ఉన్నాయి. చెయ్యి చూశాడు, వణకలేదు.

"సరే, ఇతనొకడు" అన్నాడు మంత్రి. "మరి ఆ పిచ్చిదాని సంగతో? అది ఇంకా గడ్డినే జోకొడుతోంది కదా?"

రాజు ఒక్కడే లోపలికి వెళ్లాడు.

చెంగలి తలెత్తి చూసింది. సింహాన్ని చూసి భయపడలేదు. ఒళ్లోని గడ్డి ఉండను రెండు చేతులతో పైకెత్తి, ఏడాది తర్వాత మొదటిసారి నోరు విప్పింది.

"నీ కూన కూడా ఆ మంటల్లోనే పోయింది కదూ? కాసేపు ఎత్తుకో."

బయట చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు. కాసేపటికి గుహలోంచి పెద్ద చప్పుడు వచ్చింది. తోడేళ్లు వణికిపోయాయి. అందరూ గర్జన అనుకున్నారు. విన్నకొద్దీ తెలిసింది, అది ఏడుపని. ఏడాదిగా రాజు లోపలే దాచుకున్న ఏడుపు.

పొద్దు వాలాక రాజు బయటికి వచ్చాడు. ముఖం తేలికపడి ఉంది.

"మంత్రీ, ఏటేటా గాదెలో ఈ గుహ వాటా ముందు తీసిపెట్టు. మిగిలితే తోరణం" అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ నిదానమ్మ వైపు తిరిగాడు. "అవ్వా, రేపు మళ్లీ వస్తాను. తనిఖీకి కాదు."

"గంజి వేడిగా ఉంచుతాలే నాయనా" అంది నిదానమ్మ.

మంత్రి సంగతి కూడా చెప్పాలి కదా. రోమశుడి బొచ్చులో పాత కంచె ముళ్లు ఇంకా దిగబడే ఉన్నాయి. వాటిని పీకడానికి పొడుగు ముక్కు ఎవరికుంది? దీర్ఘకంఠుడు రెండు కాళ్ల మీదా నిలబడి, తాను వేయించిన ముళ్లు తానే ఒక్కొక్కటీ తీశాడు.

నెమలమ్మ మాత్రం రోమశుడితో ఇంకా మాట్లాడలేదు. అది న్యాయమే. అతను రోజూ పొద్దున్నే పుట్ట తవ్వి చెదపురుగులు ఆమె గూటి దగ్గర పెట్టి వెళ్లిపోయేవాడు. మరుసటేడు ఆమె గుడ్లు పొదిగినప్పుడు ఆ గూటికి కాపలా ఎవరో చెప్పక్కర్లేదు.

ఆ ఏడే వానలు వెళ్లాక పొరుగు రాజు వచ్చాడు. తోరణం లేదు. చెట్ల కిందుగా నడిచి వచ్చి, రోమశుడు తెచ్చిన కొత్త తేనె రుచి చూసి, నిదానమ్మను పక్కకు పిలిచి మెల్లగా అడిగాడు, "మా వాళ్లను కూడా పంపవచ్చా?"

పడినవాణ్ణి లేపడానికి తీసిన గింజలతో ఏ ఊరి గాదే తరిగిపోదు.