మునసబుకి పట్టని పాకం

ఏ రాజు ఏలుబడిలోదో ఎవరికీ గుర్తులేని ఒక ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏ ఇంటి నుంచి సారె బయల్దేరినా ముందు మునసబు రుచి చూడాలి. ఊరి పరువు కోసమట.

గవరమ్మ పొద్దున్నుంచీ మినప్పప్పు రుబ్బి, బెల్లం పాకం కాచి, గారెలు వేసి తీసి అందులో ముంచుతూనే ఉంది. నడుము విరిగిపోతోంది. తెల్లారగానే చెల్లెలు నూకాలు సీమంతానికి బండి కదలాలి. నూకాలుకి పుట్టింటి తరఫున మిగిలింది ఈ అక్క ఒక్కతే. సగం గిన్నెతో వెళితే అత్తవారి ముందు ఆ పిల్ల తల దించుకోవాలి.

సాయంత్రానికి మునసబు సింహాద్రినాయుడు వచ్చి పీట వేయించుకుని కూర్చున్నాడు. ఒక గారె తిని, "పాకం లోపలికి పట్టలేదే గవరమ్మా. ఇంకోటి చూడనీ" అన్నాడు. ఇంకోటి తిన్నాక కూడా అదే మాట. ఆ తర్వాతా అంతే. గిన్నె తరిగిపోతోంది.

గవరమ్మకి కోప్పడే ఓపిక కూడా లేదు. గిన్నె మీద మూత పెట్టి, మూత మీద చెయ్యి వేసింది.

"బాబూ, పాకం పట్టిందంటే మీ పరీక్ష అయిపోయినట్టే, ఇక తినక్కర్లేదు. పట్టలేదంటే తెల్లారేదాకా నానాలి, మూత తియ్యకూడదు. ఏదో ఒకటి మీరే చెప్పండి."

నాయుడు మూత వంక చూశాడు. ఆమె చెయ్యి కదల్లేదు.

"పట్టిందిలే" అని గొణిగి, వేళ్ళు నాక్కుంటూ లేచాడు.

"వెళ్తూ వెళ్తూ ఆ పీట గోడకి ఆనించండి బాబూ. నేనిక వంగలేను" అంది గవరమ్మ.

నాయుడు ఆనించి వెళ్ళాడు.