అన్సెల్ము బండి కొండెక్కిన వైనం

అనగా అనగా, రోడ్డు మీద గుర్రానిదే రాజ్యమైన రోజుల్లో, పరాసు దేశంలో, అంటే మన యానాం దొరలు ఓడెక్కి వచ్చిన ఆ ఫ్రెంచి దేశంలో, ఒక కొండ కింద అన్సెల్ము అనే ఆయన ఉండేవాడు. సైకిళ్ళు బాగుచేసేవాడు. చేసి చేసి, ఒకనాడు గుర్రం లేని బండి చేద్దామని బుద్ధి పుట్టింది. పట్నంలో పెద్ద పెద్దవాళ్ళు చేస్తున్నారు, నీకెందుకయ్యా అంటే వింటేనా! పెరట్లో కోళ్ళగూడు పీకేసి షెడ్డు వేశాడు. తలుపు మీద 'అన్సెల్ము మోటారు బళ్ళ కంపెనీ' అని రాశాడు. కంపెనీ అంటే ఎవరనుకున్నారు? అతనూ, పెళ్ళాం ఒడెట్టూ. అంతే!

ఒడెట్టుది కొండ మీది ఊరు. పెళ్ళైన ఏడాదికే జ్వరమొచ్చి కాళ్ళు పడిపోయాయి. కొండదారి చూస్తే నిట్టనిలువు. గుర్రపుబండి కూడా ఎక్కలేదు, కాలినడకే గతి. వీపున మోసుకెళ్తానంటే ఒడెట్టు ఒప్పుకోదు.

"గోధుమ బస్తాలాగా పుట్టింటికి వెళ్ళనండీ. టోపీ పెట్టుకుని, కూర్చుని, దర్జాగా వెళ్తాను. లేదంటే వెళ్ళనే వెళ్ళను."

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. ఒడెట్టుకి లీజు అని ఒక చెల్లెలు, ఆమెకి పెళ్ళి! అక్క రాకపోతే చర్చి మెట్టెక్కనని ఆ పిల్ల భీష్మించుకు కూర్చుంది. అక్కకి తగ్గ చెల్లెలు!

అన్సెల్ము రాత్రనక పగలనక బండి పూర్తి చేశాడు. ఆ కాలం ఇంజనులో ఒక చిన్న దీపం వెలుగుతూ ఉండాలి. ఇంజను ముందు, నూనెడబ్బా సీటు వెనక. నూనె సన్నగా దిగి దీపానికి అందాలి. దీపం ఆరిందా, బండి ఆగిందే.

మొదటిసారి బయల్దేరాడు. డుగు డుగు డుగు. సగం కొండ. ఫుస్! దీపం ఆరింది. ఊళ్ళో గుర్రపుబండి తోలే గాస్తోను కింద నిలబడి కడుపు పట్టుకుని నవ్వాడు.

"దీపం కొండెక్కింది గానీ బండి కొండెక్కలేదురోయ్!"

బరువెక్కువైందేమోనని పైకప్పు పీకేశాడు. రెండోసారి బయల్దేరాడు. డుగు డుగు డుగు. సగం కొండ. ఫుస్!

"దీపం కొండెక్కింది గానీ బండి కొండెక్కలేదురోయ్!"

మూడోసారి పెళ్ళినాడే. ఒడెట్టు పూల టోపీ పెట్టుకుని పక్కన కూర్చుంది. డుగు డుగు డుగు. సగం కొండ. ఫుస్! గాస్తోను ఏమన్నాడో మీకు తెలుసు, నేను చెప్పను.

పైన చర్చి గంట మోగుతోంది. ఒడెట్టు ఆ గంట విని, తల దించుకుని, "పోనీలెండి, ఇంటికి పోదాం" అంది. అన్సెల్ముకి గుండె చెరువైంది. బండి ముఖం కిందికి తిప్పాడు. దీపం వెలిగించాడు. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడదు. ముందుకెళ్ళే మీట అనుకుని వెనక్కెళ్ళే మీట లాగాడు!

అంతే! బండి ఒక్క గెంతు గెంతి వెనక్కి వెనక్కి, పైకి పైకి పోతోంది!

"అయ్యయ్యో, ఆపుతానుండు!"

"ఆపారంటే ఊరుకోను! పోనివ్వండి!"

ఒడెట్టు వెనక్కి తిరిగి దారి చెప్పడం మొదలెట్టింది. "ఎడమకి! కుడికి! కోడి! కోడండీ!" కోడి గోడెక్కింది. మేకలు పొదల్లో దూరాయి. డుగు డుగు డుగు. సగం కొండ దాటింది. దీపం ఆరదే! ఎందుకారుతుంది? వెనకున్న నూనెడబ్బా ఇప్పుడు పైకి లేచింది. నీరు పల్లమెరుగు అంటారే, నూనె మాత్రం ఎరగదా?

కింద గాస్తోను టోపీ వెనక్కి తోసుకుని, బండి కనుమరుగయ్యేదాకా మెడెత్తి చూశాడు. పైన జనానికి ముందు బండి వీపు కనబడింది, తర్వాత ఒడెట్టు. టోపీ వంకరపోయింది గానీ దర్జా పోలేదు. లీజు పెళ్ళి గౌనుతోనే పరుగెత్తుకొచ్చి అక్కని వాటేసుకుంది. ఈ మాట చెప్పినప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది, ఏం చెయ్యను!

తర్వాత కొండ ఊళ్ళవాళ్ళు అన్సెల్ము బళ్ళు కొన్నారు. కొన్నవాళ్ళందరూ వెనక్కే ఎక్కారు. కొన్నాళ్ళకి పెద్ద కంపెనీలు తిన్నగా ఎక్కే బళ్ళు తెచ్చాయి. షెడ్డు మూతపడింది. అన్సెల్ము మళ్ళీ సైకిళ్ళు బాగుచేసుకుంటూ ముసలివాడై కన్నుమూశాడు.

శ్మశానం కొండ మీద. శవపేటికని ఆ పాతబండి మీదే కట్టారు. నడిపిందెవరు? ఒడెట్టే! అన్నీ చేతి మీటలే, కాళ్ళతో పనేముంది? లీజు పక్కన నిలబడి దారి చెప్పింది. బండి వెనక్కి ఎక్కుతుంటే ఊరంతా ఒడెట్టు కళ్ళెదుట నడిచొచ్చింది. ముసలి గాస్తోను కూడా వచ్చాడు, టోపీ చేతిలో పట్టుకుని.

పైకి చేరాక పాదిరిగారు అడిగారు. "కొత్త బండి ఇస్తామంటే వద్దన్నావేమమ్మా?"

"అందులో అయితే నాకు రోడ్డే కనబడేది, ఫాదర్. ఇందులో ఆయన కోసం వచ్చిన వాళ్ళందరూ కనబడ్డారు."

ఇప్పటికీ ఆ ఊళ్ళో ఎవరైనా పోతే, పోయినవాళ్ళ దగ్గరి మనిషి ఒకరు అందరికంటే ముందుండి, వెనక్కి వెనక్కి నడుస్తారు, వచ్చినవాళ్ళ ముఖాలు చూసుకుంటూ. చెయ్యి పట్టుకుని దారి చెప్పడానికి ఎవరో ఒకరు ఉంటారు. ఇక ఎవరైనా ఓడిపోయి తల దించుకుని ఇంటిముఖం పట్టారనుకోండి, వాళ్ళనెవరూ ఓదార్చరు.

"వెళ్ళు వెళ్ళు," అంటారు, "అన్సెల్ము కూడా ఇంటికనే బయల్దేరాడు!"