భేరుండ నౌక కదలని మూడు రోజులు

పడుకో అమ్మలూ, దుప్పటి కప్పుకో. ఈ కథ చెప్పేటప్పుడు నా గొంతు కాస్త గట్టిగా ఉంటుంది. ఆ కోపం నీ మీద కాదులే.

అనగనగా, ఊరూ నేలా లేని ఆకాశంలో, చుక్కల మధ్య, ఒక యుద్ధనౌక. దాని పేరు భేరుండ. నాలుగు వందల మంది అందులోనే తిని, అందులోనే పడుకునేవాళ్ళు. పైన ఫిరంగులు, మధ్యలో సిపాయిలు, అడుగున ఇంజన్లు. ఆ ఇంజన్లు చూసుకునేది గవరమ్మ. ముప్పై ఏళ్ళుగా అదే పని.

ఇంజన్ల గది పక్కన అడుగు గది అని ఇంకొకటి ఉండేది. దానికి రెండు తలుపులు. ఒకటి ఇంజన్ల గదిలోకి, ఒకటి బయటి ఆకాశంలోకి. బయట గాలి ఉండదు కదా, అందుకని ఆ బయటి తలుపు చుట్టూ రబ్బరు పట్టీ బిగించారు. మన కుక్కరు మూతకి ఉంటుందే, అలాంటిదే, కాకపోతే నీ నడుమంత లావు. ఒకరోజు గవరమ్మ చూసేసరికి ఆ రబ్బరు పగుళ్ళిచ్చి ఉంది.

అప్పుడు గవరమ్మ కెప్టెన్ విజయసింహ దగ్గరికి వెళ్ళింది. "రబ్బరు పోయింది సార్. రేవుకి తీసుకెళ్ళి మార్చాలి" అంది. పది రోజుల్లో రాణిగారి ముందు నౌకల కవాతు. "రేవుకెళ్తే ముందు వరసలో ఎవరుంటారు? తర్వాత చూద్దాం" అన్నాడాయన.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళింది. ఆయన అద్దం ముందు కొత్త కోటు వేసుకు చూసుకుంటున్నాడు. వెనక్కి తిరగనైనా లేదు.

మూడోసారి కాయితం మీద రాసి ఇచ్చింది. ఆయన చదవకుండానే దాని మీద కాఫీ గ్లాసు పెట్టాడు.

చివరికి కవాతు రోజు పొద్దున ఆయనే కబురు చేశాడు. "ఆ తలుపుకి ఇనప రేకు అడ్డం పెట్టించు. ముగ్గుర్ని నిలబెట్టి నొక్కి పట్టించు."

"మనుషుల్తోనా సార్?"

"గంటసేపే కదా."

ఆ ముగ్గురి పేర్లు చెప్తాను, విను. ఎర్రయ్య, పోలమ్మ, తవిటినాయుడు. వెళ్ళి నిలబడ్డారు, పాపం. పైన రాణిగారికి ఇరవై ఒక్క ఫిరంగుల వందనం మొదలైంది. మొదటి దెబ్బకి రేకు గలగలలాడింది. రెండోదానికి వంగింది. మూడోదానికి రబ్బరు తెగిపోయింది.

గది గాలంతా ఒక్కసారి బయటికి కొట్టుకుపోయింది. దానితోపాటే ఎర్రయ్యా పోలమ్మా పోయారు. తవిటినాయుడు మాత్రం తెరిచి ఉన్న లోపలి తలుపు పట్టుకుని వేలాడాడు. ఇటువైపు ఇంజన్ల గదిలోంచి గవరమ్మ పరిగెత్తుకొచ్చింది.

"చెయ్యియ్యి నాయుడూ" అంది.

"గడియ నా వైపే ఉందప్పా. నేనొచ్చేస్తే ఈ తలుపేసేవాడు లేడు. నౌకంతా పోద్ది" అన్నాడు. తలుపు వేసేశాడు. లోపల గడియ పడ్డ చప్పుడు ఆమెకి వినబడింది.

కబురు కెప్టెన్‌కి వెళ్ళింది. ఆయనేమన్నాడో తెలుసా? "వందనం పూర్తి కానివ్వండి" అన్నాడు. ఇంకా పద్దెనిమిది ఫిరంగులు పేలాయి. పద్దెనిమిదీ పేలేదాకా గవరమ్మ ఆ తలుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడింది.

సాయంత్రానికి కెప్టెన్ రేడియోలో చెప్పేశాడు. తవిటినాయుడు తలుపు సరిగ్గా వెయ్యలేదట. వాడి అజాగ్రత్త వల్లే మిగతా ఇద్దరూ పోయారట. ఆ తర్వాత గవరమ్మని పిలిచి, అదే మాట రాసి ఉన్న కాయితం ముందు పెట్టాడు. "సంతకం పెట్టు. ఈ దళంలోని నౌకలన్నిటికీ నిన్నే పెద్ద ఇంజనీరుని చేస్తాను."

గవరమ్మ ఆ కాయితాన్ని అక్కడే వదిలేసింది. కిందికి దిగింది. దీపాలకీ గాలికీ సరిపడా ఒక్క ఇంజను ఉంచి, మిగతావన్నీ ఆపేసింది. ఆపేసి నేల మీద చతికిలబడింది. ఆమెతో పనిచేసే ముప్పై రెండు మందీ వచ్చి పక్కన కూర్చున్నారు. అన్ని ఫిరంగులున్న నౌక దారి మధ్యలో నిలబడిపోయింది. దాని వెనక నలభై నౌకలు ఆగాయి.

మొదటి రోజు కెప్టెన్ మిఠాయి పళ్ళేలు పంపాడు. ఎవరూ ముట్టుకోలేదు. రెండో రోజు అన్నం ఆపించాడు. నీళ్ళు తాగి కూర్చున్నారు. మూడో రోజు తుపాకులిచ్చి సిపాయిల్ని పంపాడు.

సిపాయిల ముందు హవల్దారు సూరన్న ఉన్నాడు. మూసిన తలుపు కేసి చూశాడు.

"ఇదేనా ఆ తలుపు?"

"ఇదే" అంది గవరమ్మ.

"ఇది మూసిన సమయంలో నేను పైన ఉప్మా తింటున్నాను" అన్నాడు సూరన్న. తుపాకీ కింద పెట్టి ఆమె పక్కనే కూర్చున్నాడు. వెనకవాళ్ళూ ఒక్కొక్కరే కూర్చున్నారు.

అప్పుడు నౌకాదళం పెద్దాయనే చిన్న పడవలో దిగొచ్చాడు. "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"మా వాడి తప్పు లేదని రాయండి. రబ్బరు పోయిందని నేను మూడుసార్లు చెప్పానని రాయండి. ఎవరికి చెప్పానో ఆయన పేరు రాయండి."

"మొదటి రెండూ రాస్తాను. మూడోది కష్టం."

"అయితే నౌకా కష్టమే" అంది గవరమ్మ.

మూడూ రాశాడు.

కెప్టెన్ కోటు విప్పించారు. జైల్లో పెట్టారా అంటావు. లేదు. ఇంట్లో కూర్చోబెట్టారు, అంతే. నాకు మంట అక్కడే. నువ్వు పెద్దయ్యాక కూడా దానికి మండిపడు, తప్పులేదు.

ఆ తర్వాత గవరమ్మ ఆ కాయితం పట్టుకుని నేల మీదకి దిగింది. తవిటినాయుడి అమ్మ సత్తెమ్మ ఇంటికి వెళ్ళింది. రేడియో విన్నప్పటి నుంచి ఆ వీధిలో ఎవరూ సత్తెమ్మతో మాట్లాడటం లేదు. కొడుకు ఇద్దర్ని చంపాడని ఆమె వినేలాగే అనుకుంటున్నారు. గవరమ్మ గుమ్మంలో నిలబడి కాయితం చదివింది.

సత్తెమ్మ ఏడవలేదు. "వీధిలోకొచ్చి చదువమ్మా" అంది. గవరమ్మ వీధి మధ్య నిలబడి గట్టిగా చదివింది. ఎదురింటివాళ్ళూ పక్కింటివాళ్ళూ బయటికొచ్చి తలలు దించుకున్నారు.

"ఇంకోసారి చదువు" అంది సత్తెమ్మ. "ఆ దొర పేరొచ్చే చోట మాత్రం కాస్త నెమ్మదిగా చదువు."

గవరమ్మ నెమ్మదిగా చదివింది.

కథ చేరింది కంచికి,
చిట్టితల్లి మంచానికి,
అమ్మమ్మ కోపం రేపటికి.