మిర్సీని చూడని పిట్ట

అనగనగా అనగానే ఇక్కడే పక్క ఊరనుకునేరు! కాదు. మన తీరం వదిలి, ఓడెక్కి, పడమటికి పోగా పోగా, నీళ్ళలో నీలిమందు కలిపినట్టుండే సముద్రం వస్తుంది. ఆ సముద్రం నడుమ గ్రీకు దేశపు దీవి ఒకటి ఉండేదట. ఆ దీవిలో యాకూమిస్ అనే కుమ్మరి ఉండేవాడు. అతనికి ఒక్కతే కూతురు. పేరు మిర్సీని.

మిర్సీనికి నోరు తెరిస్తే ప్రశ్నే. "నాన్నా, కుండకి అంత పొట్టెందుకు? నాన్నా, గాలికి ఇల్లు ఎక్కడ? నాన్నా, మేకకి గడ్డం ఎవరు పెట్టారు?" పాపం యాకూమిస్ సారె తిప్పుతూ అన్నిటికీ జవాబు చెప్పేవాడు. ఒక్క ప్రశ్నకు మాత్రం చెప్పేవాడు కాదు.

"నాన్నా, వానకోయిల ఎలా ఉంటుంది?"

అంతే, కుమ్మరి మొహం మాడిపోయేది. సారె ఆగిపోయేది.

ఎందుకో చెబుతాను, తొందరపడకండి.

ఆ దీవిలో ఒక ఆచారం ఉంది. మార్చి నెల మొదటి రోజున ఎర్రదారం, తెల్లదారం కలిపి పేని, పిల్లల మణికట్టుకు కడతారు, ముచ్చటపడితే పెద్దలూ కట్టుకుంటారు. దాన్ని మార్తి అంటారు. వసంతంలో ఎండ మెత్తగానే కనిపిస్తుంది గానీ పిల్లల బుగ్గలు మాడ్చేస్తుందట. దారం కట్టిన పిల్లల జోలికి మాత్రం రాదట. చలి తగ్గాక వెచ్చని దేశాల నుంచి తిరిగొచ్చి చూరు కింద గూడు కట్టే చిన్న పిట్ట వానకోయిల. అది తొలిసారి కంటపడగానే ఆ దారం విప్పేసి గులాబీ కొమ్మకు తగిలిస్తారు. పిట్ట దాన్ని ముక్కున కరుచుకుపోయి గూటిలో అల్లుకుంటుంది. కట్టుకోవడం ఒక వేడుక, ఇచ్చెయ్యడం ఒక వేడుక.

మిర్సీనికి ఊహ తెలియని వయసులో వాళ్ళమ్మ అలాగే వానకోయిలను చూసి, నవ్వుతూ తన చేతి దారం విప్పి కొమ్మకు తగిలించింది. ఆ వారంలోనే జ్వరం తగిలి కన్నుమూసింది.

యాకూమిస్ గుండె పగిలింది. ఏడ్చి ఏడ్చి చివరికి ఒక లెక్క తేల్చుకున్నాడు. "దారం ఉన్నంతకాలం బాగానే ఉంది. దారం విప్పింది, పోయింది. నా బిడ్డ దారం మాత్రం విప్పనివ్వను. పిట్టను చూస్తేనే కదా విప్పాలి? చూడకపోతే విప్పే పనే లేదు!"

చూశారా తెలివి! ఆచారం తప్పినట్టూ ఉండకూడదు, దారం ఊడినట్టూ ఉండకూడదు.

మరుసటి మార్చిలో మిర్సీని చేతికి దారం కట్టాడు. చివికి తెగిపోకుండా తేనెమైనం పట్టించాడు. ముడి మీద ముడి వేశాడు. ఇక కిటికీలన్నీ మూశాడు. చెట్లు పూసింది మొదలు, పిట్టలు వెచ్చని దేశాలకు తిరిగి వెళ్ళేదాకా పిల్లను గడప దాటనివ్వలేదు. పాపం ఆ పిల్లకు తెలిసిన బయటంతా చలికాలమే. పువ్వంటే ఏమిటో కుండల మీద నాన్న గీసిన బొమ్మల్లో చూసింది.

ఇంట్లో ఎవరు చూసినా చూసినట్టేనని ఆచారం. అందుకని యాకూమిస్ కూడా తలెత్తడం మానేశాడు. ఎప్పుడు చూసినా నేల చూపులే. ఒకరోజు అంజూరపు కొమ్మ నుదుటికి కొట్టుకుంది. ఇంకోరోజు ఎదురొచ్చిన గాడిదకు తల తగిలించి, "క్షమించండి అయ్యా" అన్నాడు. మరో రోజు నేరుగా రేవులోకి నడిచి నీళ్ళలో పడ్డాడు. ఊరు ఊరంతా నవ్వింది. అతను మాత్రం తలెత్తలేదు.

అబద్ధమాడితే సరిపోయేది కదా, చూసి కూడా చూడలేదనొచ్చు కదా అంటారా? ఆ ఒక్కటీ అతనికి చేతకాదు. బీటువారిన కుండను బీటు చూపించి మరీ అమ్మే మనిషి.

అంతటితో ఊరుకున్నాడా? చూరు కింద పిట్టగూళ్ళుంటే ఎప్పటికైనా ప్రమాదమేనని ఒక కర్ర తీసుకుని, వంచిన తల ఎత్తకుండానే తన చూరు దులిపాడు. తర్వాత పక్కింటి చూరు. తర్వాత వీధి వీధంతా. భార్య పోయిన మనిషి, ఏమంటాం అని ఊరివాళ్ళు నోరు మూసుకున్నారు. గూళ్ళు కట్టుకోవడానికి పిట్టలు తన మట్టిగుంటలోంచి బురద పట్టుకెళ్తున్నాయని దాని మీద పలకలు కప్పేశాడు.

ఇలా రెండు వసంతాలు గడిచాయి. మూడో వసంతం వచ్చింది. పిల్లలు ఏటా చేసినట్టే, పిట్టకు స్వాగతమంటూ చెక్కతో చేసిన వానకోయిలను కర్రకు గుచ్చి, ఇంటింటి ముందూ పాడుతూ కోడిగుడ్లు అడుక్కున్నారు. కానీ అసలు పిట్ట రాలేదు. చెట్లు పూసి, పూలు రాలి, పిందెలు కూడా పడ్డాయి. పిట్ట రాలేదు. ఊళ్ళో పిల్లలందరి చేతులకూ దారాలు అలాగే ఉండిపోయాయి. ఈగలు, దోమలు మాత్రం పండగ చేసుకున్నాయి.

మిర్సీని చెయ్యి వాచింది.

పిల్ల ఎదిగింది, దారం ఎదగలేదు. అది మణికట్టులోకి దిగిపోయింది. వేళ్ళు నీలంగా మారాయి. రొట్టెముక్క పట్టుకోబోతే జారిపోయింది. ఎదురింటి థెక్లా అవ్వ వచ్చి ఆ చెయ్యి చూసి గుండెలు బాదుకుంది.

"ఓరి నీ ఇల్లు బంగారం కానూ! ఇది రక్షంటావా, ఉరంటావా? ఇది తియ్యకపోతే పిల్ల చెయ్యి పోతుందిరా!"

యాకూమిస్ పరుగున వెళ్ళి కత్తి తెచ్చాడు. దారానికీ చర్మానికీ నడుమ కత్తిమొన దూరే సందు లేదు. గోళ్ళతో లాగాడు. మైనం పట్టిన ముడి రాయిలా ఉంది. పంటితో లాగాడు. మిర్సీని కెవ్వున అరిచింది.

"నీ వల్లా కాదు, నా వల్లా కాదు" అంది అవ్వ. "ఇంత సన్నటి పని ఆ పిట్ట ముక్కుకే చేతనవుతుంది. గడ్డిపరకలూ దారాలూ అల్లి గూడు కట్టేది అదే కదా. వెళ్ళు, నువ్వు తరిమిన పిట్టను నువ్వే వెతుక్కో."

యాకూమిస్ కూతుర్ని భుజాన వేసుకుని ఇల్లు దాటాడు. అన్నాళ్ళ తర్వాత మొదటిసారి తలెత్తి ఆకాశం చూశాడు. మెడ పట్టేసింది.

మిర్సీని మాత్రం చెయ్యి నొప్పి మరిచి నోరు తెరుచుకుని చూసింది. "నాన్నా, ఇంత ఎండ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ వాసన ఏమిటి? ఆ పసుపు పువ్వులు ఎవరు గీశారు?"

ముందు రేవుకు వెళ్ళారు. దూలం మీద తెల్లగా, లావుగా ఒక పిట్ట కూర్చుని ఉంది.

"నాన్నా, ఇదేనా వానకోయిల?"

అది సముద్రపు కాకి. మహా గడుసుది. కుమ్మరి చెవి దగ్గరికి ఎగిరొచ్చి గుసగుసలాడింది. "అవునని చెప్పెయ్యవయ్యా! పిల్లకేం తెలుసు? పిట్టను చూసేశానని పాప సంబరపడుతుంది. నువ్వు నాకో చేప పెడుదువుగాని."

యాకూమిస్ కూతురి నీలి వేళ్ళ వంక చూశాడు. అయినా తల అడ్డంగా ఊపాడు. "కాదు తల్లీ, ఇది కాదు."

తర్వాత గుట్ట మీది గాలిమర దగ్గరికి వెళ్ళారు. దాని రెక్క కొసన నల్లటి పిట్ట ఒకటి ఊగుతోంది.

"నాన్నా, ఇదా?"

అది కాకి. "వానకోయిల నలుపే, నేనూ నలుపే" అంది గర్వంగా. "పైగా నా ముక్కు చూశావా? ఒక్క పోటు పొడిచానంటే దారం తెగుతుంది."

"దారంతో పాటు నరమూ తెగుతుంది" అన్నాడు యాకూమిస్. "కాదమ్మా, ఇదీ కాదు."

మిర్సీనికి ఇప్పుడు వేళ్ళు ఉన్నట్టే తెలియడం లేదు. కుమ్మరి గుట్ట మీద కూలబడ్డాడు. "ఎక్కడని వెతకను? ఉన్నవాటిని నేనే తరిమాను."

"నాన్నా" అంది మిర్సీని, "అదసలు మన ఊరికి ఏం కావాలని వస్తుంది?"

"గూడు కట్టుకోవడానికి."

"గూడు దేంతో కడుతుంది?"

"మట్టితో... తడిమట్టితో..." అంటూనే యాకూమిస్ లేచి నిలబడ్డాడు. తనెక్కిన గుట్ట అవతలే తన మట్టిగుంట ఉంది. దాని మీద పలకలు కప్పింది కూడా తనే.

ఒక్క పరుగున దిగాడు. పలకలు ఒక్కొక్కటీ లాగి పారేశాడు. కడవలతో నీళ్ళు తెచ్చి పోశాడు. మోకాళ్ళ దాకా దిగి, తాను చేసే మంచి కూజాకు తొక్కినట్టు తొక్కాడు. గడ్డిపరకలు ఏరేశాడు, గులకరాళ్ళు ఏరేశాడు. వెన్నలాంటి మట్టిని ఒడ్డున ముద్దలు ముద్దలుగా పెట్టాడు. తర్వాత కూతుర్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

చాలాసేపు ఏమీ రాలేదు. ఒక ఈగ వచ్చింది. ఒక తొండ వచ్చి, చూసి, పోయింది.

అప్పుడు పైనెక్కడో చిన్న కూత వినిపించింది. ఎప్పుడూ విననంత పల్చటి కూత. మిర్సీని తలెత్తింది.

ఠక్కున కళ్ళు చీకటయ్యాయి.

నాన్న చెయ్యి! ఇంత దూరం మోసుకొచ్చాడా, ఇంత మట్టి తొక్కాడా, తీరా పిట్ట వచ్చే వేళకు పాత భయం ముంచుకొచ్చి ఆయన చెయ్యి దానంతటదే కూతురి కళ్ళు మూసేసింది. ఆ చెయ్యి తడితడిగా ఉంది. మట్టి వాసన వేస్తోంది.

మిర్సీని పెనుగులాడలేదు. మెల్లగా అంది. "నాన్నా, నాకేమవుతుందోనని నీకు భయం. నాకేమో అదెలా ఉంటుందోనని ఆశ. నీ భయం ఇన్నాళ్ళు చూసుకున్నాం కదా. ఇవాళ నా ఆశ చూద్దాం."

యాకూమిస్ కళ్ళలోంచి నీళ్ళు జారి కూతురి నెత్తిన పడ్డాయి. ఒక్కొక్క వేలే తీశాడు.

మట్టిముద్ద మీద ఒక పిట్ట నిలబడి ఉంది. వీపు నీలినలుపు. గొంతు దగ్గర ఇటుకరంగు. తోక రెండుగా చీలి, రెండు కొసలు దారాల్లా సాగి ఉన్నాయి.

"ఓలమ్మో! ఇంతేసి తోకా!" అని కేక పెట్టింది మిర్సీని. "ఆ గొంతుకు రంగు ఎవరు వేశారు? నీకు చలెయ్యదా? సముద్రం దాటుతుంటే నిద్రెక్కడ పోతావు?"

వానకోయిల దూరంగానే ఉండి కుమ్మరి వంక చూసింది. "కర్రతో మా గూళ్ళు దులిపింది నువ్వే కదూ?"

"నేనే" అన్నాడు యాకూమిస్.

"మేం నీకేం చేశాం?"

"నా భార్య నిన్ను చూసి దారం విప్పింది. ఆ వారంలోనే పోయింది."

పిట్ట ఒక్క గెంతు ముందుకు వేసింది. "ఆ వారంలోనే నా గుడ్డు ఒకటి కిందపడి పగిలింది. నీ భార్య నన్ను చూసింది కాబట్టి పగిలిందని నేను అనుకోలేదు" అంది.

కుమ్మరి మొహం రెండు చేతుల్లో దాచుకుని, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య పోయినప్పుడు ఎంత ఏడ్చాడో అంతా ఏడ్చాడు. ఈసారి ఏడిస్తే మనసు కాస్త తేలికయింది.

మిర్సీని వాచిన చెయ్యి ముందుకు చాపింది. "పిట్టా పిట్టా, మా నాన్న వేసిన ముడి విప్పుతావా? దారం నువ్వే తీసుకో."

వానకోయిల గెంతుతూ వచ్చి ఆ మణికట్టు మీద వాలింది. దానికి బరువే లేదు. సూదిలాంటి ముక్కుతో మొదటి ముడి గిల్లింది, మైనం రాలింది. రెండో ముడి లాగింది, వదులైంది. మూడో ముడి మాత్రం విప్పలేదు. పక్కకు జరిగి యాకూమిస్ వంక చూసింది.

"ఇది నువ్వు కట్టిందే కదా. దీన్ని నువ్వే విప్పు."

యాకూమిస్ కొస పట్టుకుని లాగాడు. ఎర్రదారం, తెల్లదారం ఊడి వచ్చాయి. మిర్సీని వేళ్ళలోకి నెత్తురు జివ్వున పాకింది. "నాన్నా, చెయ్యంతా చీమలు పాకుతున్నాయే!" అని ఒకటే నవ్వు, ఒకటే ఏడుపు. నీలం పోయి వేళ్ళు ఎర్రబడ్డాయి.

యాకూమిస్ ఆ దారాన్ని తన చేత్తోనే పిట్ట ముందు పెట్టాడు. అది మట్టి ఇంత, దారం ఇంత ముక్కున కరుచుకుని ఊరివైపు ఎగిరిపోయింది. అది కనుమరుగయ్యేదాకా తండ్రీ కూతుళ్ళిద్దరూ తలలెత్తి చూస్తూనే ఉన్నారు. ఆ సాయంత్రమే ఊళ్ళో పిల్లలందరూ కేరింతలు కొడుతూ దారాలు విప్పి గులాబీ కొమ్మలకు తగిలించారట.

పిల్లలూ, వింటున్నారా? పెద్దలూ, మీరూ వినండి: ప్రేమతో రక్ష కట్టిన చెయ్యి, వేళ వచ్చినప్పుడు దాన్ని ప్రేమతోనే విప్పాలి.